కియోస్ బంక సీసా

వాసుదేవరావు గారు బూట్ల మీది మంచు కూడా దులుపుకోకుండా జ్ఞానప్రసూన ఆఫీసులోకొచ్చి కూర్చున్నారు. రిటైరైన డాక్టరు. ఒళ్ళో ఒక గాజు సీసా ఉంది.

"దీన్ని ఎవరైనా మార్చారా, లేక నాకే మతి తప్పుతోందా? అది తేల్చండి చాలు" అన్నారు. ఆయన భయపడి ఉన్నారు.

అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏది పోయినా పోలీసులకన్నా ముందు జ్ఞానప్రసూనకే ఫోన్ వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ, చివరికి లైసెన్స్ తీసుకుని సొంతంగా డిటెక్టివ్ అయింది. ఆవిడ కారు నడిపేదీ, ఆవిడ ఏమన్నా ఆశ్చర్యపోయేదీ కోటేశ్వరరావు. కార్ల కంపెనీలో ఇంజినీరుగా రిటైరై, ఇంట్లో తోచక ఇక్కడ చేరాడు.

"సీసాలో ఏముండేది?" అంది జ్ఞానప్రసూన.

"మాస్టిహా. చెట్టుబంక. గ్రీసులో కియోస్ అని ఒక ద్వీపం ఉంది..." ఆయన ముఖం కొంచెం తేటపడింది. ఆ ద్వీపం దక్షిణాన రాతినేలలో మెలికలు తిరిగిన పొట్టి చెట్లు. ఎండాకాలం వాటి కింద తెల్లమట్టి పరిచి బెరడుకి గాట్లు పెడతారు. కారిన బంక ఆ మట్టి మీద పడి గట్టిపడుతుంది. చలికాలం ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని చిన్న కత్తులతో ఒక్కో పలుకూ గీకి శుభ్రం చేస్తారు.

"పద్మిని వాళ్ళ పక్కన కూర్చుని ఈ సీసాడు తనే గీకింది. తను పోయాక, మా పెళ్ళిరోజున మాత్రం ఒక పలుకు నోట్లో వేసుకుంటాను. ముందు చేదుగా ఉండి, నమిలితే మెత్తటి జిగురవుతుంది. నిన్న వేసుకుంటే పిండైపోయింది. వయసుకి నాలుక మారిందంటాడు మా రవి. ఆ రుచి కూడా మర్చిపోతే నాకింకేం మిగిలింది?"

జ్ఞానప్రసూన ఒక పలుకు కొరికి, టిష్యూలో ఉమ్మేసి, కారు తీయమని కోటేశ్వరరావుకి సైగ చేసింది.

డాక్టర్ గారి ఇల్లు పెద్దది, నలుగురూ నాలుగు మూలల్లో ఉండేంత పెద్దది. సీసా ఉండే చోటు వంటింటి ప్యాంట్రీలో, కర్పూరం, వత్తుల పక్కన. పద్మిని పెట్టిన చోటే అది. మేడ మీద పసిపాప ఇషా గది బయట స్మోక్ అలారం మూత ఊడి వేలాడుతోంది.

"అదా? నెల క్రితం పగలు ఊరికే మోగుతోందని అత్తయ్య చెప్తే బ్యాటరీ తీసేశాను" అన్నాడు కొడుకు రవిశంకర్. "కుక్కర్ ఆవిరేమో అనుకున్నా."

"వంటిల్లు కింద కదా?" అంది జ్ఞానప్రసూన.

"అవునండీ. అంత ఆలోచించలేదు."

కోడలు భానుశ్రీని ఈ మధ్య కొత్తగా ఏం కొన్నారని అడిగింది. "పోయిన శనివారం ఇండియన్ షాప్‌లో గ్రోసరీస్. అమ్మ సాంబ్రాణి కావాలంటే అదీ తెచ్చాను."

భానుశ్రీ తల్లి లలిత పాపని చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చింది. "డ్రైవింగ్ రాదు కదండీ, పగలంతా నేనూ పాపే. అన్నయ్యగారు బేస్‌మెంట్‌లో ఉంటారు" అంది, శాలువా అంచు నలుపుతూ.

"ప్రయాణంలో సామాను ఇబ్బంది కాలేదా?"

"అయింది. బరువెక్కువైందని సున్నిపిండి, సాంబ్రాణి హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లోనే తీసి మా తమ్ముడికిచ్చేశాను."

"కొడుకే ఆన్‌లైన్‌లో అమ్మేసుంటాడు మేడమ్" అని కోటేశ్వరరావు గుసగుసలాడాడు.

"మీరు అందర్నీ హాల్లోకి పిలవండి" అంది జ్ఞానప్రసూన.

అందరూ సోఫాల్లో దూరదూరంగా కూర్చున్నారు.

"డాక్టర్ గారూ, మీ నాలుకకేం కాలేదు. సీసాలో ఉన్నది సాంబ్రాణి. ఇంట్లోకి అది వచ్చింది పోయిన శనివారం. పాప గది బయట అలారం మోగింది నెల క్రితం, అదీ పగలు, రవి, భానుశ్రీ ఆఫీస్‌లో ఉండగా. మీరేమో బేస్‌మెంట్‌లో ఉంటారు. పసిపిల్లకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయకుండా ఏ తెలుగు అమ్మమ్మ ఊరుకుంటుంది? కానీ లలిత గారి సాంబ్రాణి హైదరాబాద్‌లోనే ఆగిపోయింది. మరి నెల క్రితం ఆ పొగ దేనిది?"

లలిత తలెత్తలేదు. "కర్పూరం పక్కనుంటే సాంబ్రాణే అనుకున్నా. వాసన తేడాగా ఉంది, అమెరికాది కదా ఇంతేనేమో అనుకున్నా. మొత్తం అయిపోయాక ఒకరోజు భోజనాల దగ్గర అన్నయ్యగారు చుట్టాలకి చెప్తుంటే విన్నా. వదినగారు చేత్తో గీకినవనీ, పాతకాలం ఆ ద్వీపాన్నేలిన జెనోవా వాళ్ళు బంక దొంగలకి చెవులు కోసేవాళ్ళనీ. భయపడి, అమ్మాయి చేత సాంబ్రాణి తెప్పించి సీసా నింపేశా."

"ముందే నన్నొక మాట అడగాల్సింది" అన్నారు వాసుదేవరావు గారు.

"వియ్యపురాల్ని, ఎట్లా అడగనండీ? మీరు పైకే రారు."

ఆ మాట నిజం. పాప పుట్టాక ఆయన ఒక్కసారి కూడా మేడెక్కలేదు. పద్మిని చూడని మనవరాలిని తానొక్కడే ఎత్తుకోవడం ఆయన వల్ల కాలేదు.

"పొగ వేసేటప్పుడు పాపకి ఏం కప్పేవారు?" అంది జ్ఞానప్రసూన.

లలిత తన భుజాన ఉన్న ఉన్ని శాలువా తీసి, భానుశ్రీ ఒళ్ళో నిద్రపోతున్న పాపకి చుట్టి, ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన తల వంచారు. శాలువాలో ఇంకా నిలిచి ఉన్న పొగ వాసన పీల్చారు. "ఇదే. ఆ ద్వీపం చర్చిలో ధూపానిదీ ఇదే వాసన" అన్నారు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

కోటేశ్వరరావు కోటు వేసుకోవడం మానేసి నిలబడిపోయాడు. జ్ఞానప్రసూన అతని మోచెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించింది.

వెనకాల లలిత, ఆయనకి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఆ ద్వీపం ఎట్లా ఉంటుందండీ?"