నాలుగో భుజం

జోగినాయుడు పోయిన పూట కూడా మంచుగనిలో పని ఆగలేదు. తవిటినాయుడు గోడ మీది మంచుపొరను గీకి బండిలోకి తోస్తూనే ఉన్నాడు. పక్క వాటా జోగినాయుడిది. అక్కడిదాకా గీకి ఆగడం చేతికి అలవాటు. రెండుసార్లు ఆగింది. ఆ తర్వాత ఆగకుండా ఆ వాటా కూడా గీకేశాడు.

పొద్దున గుండె పట్టుకుని కూర్చున్న జోగినాయుడు మళ్ళీ లేవలేదు. శవాన్ని బండ్లు తిరిగే మూలలో పడుకోబెట్టి, మీద గోనె కప్పారు. కాపలా యంత్రం పహరా గొంతు గని కప్పులోంచి ప్రకటించింది.

"మృతుడు మట్టివంశం. పని ముగిసేలోగా స్వవంశీయులు నలుగురు భుజం పడితే ఖననానికి అనుమతి. లేనిచో ద్రావణి."

ద్రావణిలో వేస్తే మనిషి నీరవుతాడు. ఆ నీరు తొట్టెకు, తొట్టె నుంచి గ్లాసులకు వస్తుంది. చంద్రుడి మీది ఈ సైనిక చెరలో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఖననం నిబంధన రాసిన రోజుల్లో ఇక్కడ భూమి మీద పుట్టిన మట్టివాళ్ళు గుంపులు గుంపులుగా ఉండేవారు. ఇప్పుడు మిగిలింది తవిటినాయుడు, ముసలి కూర్మయ్య, నూకాలు.

"ముగ్గురుమే కదరా తవిటీ," అన్నాడు కూర్మయ్య. "చేతుల మీద ఎత్తుకుపోదుమా? ఇక్కడ బరువేటుందని?"

"బరువు గాదు మాఁవా, ఆ తలుపు నాలుగు భుజాలు లెక్కెట్టుకుంటాది."

"రేపు నీల్లు తాగను నాను," అంది నూకాలు. "ఎల్లుండి దాహవేస్తే తాగీస్తాను. అదే నా భయం."

తవిటినాయుడు డ్రిల్లు కడ్డీలు రెండు తెచ్చి, మధ్యన బండి వల బిగించి కట్టడం మొదలుపెట్టాడు. మోసేవాళ్ళు ఉన్నా లేకపోయినా పాడె కట్టాలి.

గని మధ్యలో రెండు వంశాలనూ విడదీసే కరెంటు తెర, వంశతెర, నిలువునా వెలుగుతోంది. దానికి అవతల కక్ష్యవంశం వాళ్ళు అదే మంచు గీకుతారు. నేల మీద పుట్టనివాళ్ళు, పొడుగాటి ఎముకలవాళ్ళు. ఆకలితో ఉన్న ఒక ఊరి మీద కాల్పులు జరపమని సేన ఆజ్ఞ ఇచ్చిన రోజున రెండు వంశాల దళాలూ కాల్చలేదు. నేరం ఒక్కటే. కక్ష్యవాళ్ళకు గడువున్న శిక్ష, మట్టివాళ్ళకు గడువు లేనిది.

తెరకు అవతల ఐవెన్ అనే కక్ష్యవాడు పార కింద పెట్టాడు. అతని మెడలోని కంఠిక అతని మాటను తెలుగు చేసింది.

"అయ్యా, నాలుగవ భుజము నేను పట్టెదను."

"ఇదిగో, వార్తలు సదివీవాడొచ్చీసాడు," అంది నూకాలు. నవ్వు రాలేదు.

"నీకేటి పని?" అన్నాడు తవిటినాయుడు తల ఎత్తకుండా. "వచ్చే ఓడలో ఎల్లిపోతావు. ఎల్లు."

"మీ జోగినాయుడు ప్రతిదినము నన్ను కొక్కిరాయి అని పిలిచెడివాడు. ఈ ఉదయము ఎవరును పిలువలేదు. పని సాగుటలేదు."

"తెర దాటితే ఒల్లు కాల్తాది. ఓడ కూడా ఉండదు."

"తెలియును."

"మీవోల్లు శవాన్ని ముట్టుకోరు కదేటి?"

ఐవెన్ వెనక్కి చూశాడు. అతనివాళ్ళు అప్పటికే వీపులు తిప్పి నిలబడ్డారు. అతను భుజం ముందుకు పెట్టి తెరలోంచి వచ్చాడు.

చప్పుడు పెద్దగా లేదు. కాలిన వాసన వచ్చింది. నూకాలు తన నీళ్ళ గ్లాసు అతని మెడ మీద కుమ్మరించింది. తవిటినాయుడు లేచి, ఆ పొడుగు మనిషి వంగకుండా కడ్డీ అందేలా వెనక కుడివైపు చూపించాడు.

"ఆడ పట్టు. అడుగు మాతో పాటు ఎయ్యి."

గని నుంచి బయటి శూన్యంలోకి పోయే వాకిలికి రెండు తలుపులు. లోపలి తలుపు నాలుగు భుజాలు చూసి తెరుచుకుంది. బయటి తలుపు దగ్గర నాలుగు శూన్యకవచాలు వేలాడుతున్నాయి. ఆ తలుపు రక్తం అడుగుతుంది. ముగ్గురూ వేళ్ళు పెట్టారు. ఐవెన్ పెట్టాడు.

"నాలుగవ రక్తం పరవంశం," అంది పహరా. "అనుమతి రద్దు. దేహాన్ని ద్రావణికి మళ్ళించండి."

పాడె భుజాల మీదే వెనక్కి తిరిగింది. లోపలి తలుపు మళ్ళీ తెరుచుకుంది. దాని గడప దగ్గరికి వచ్చేసరికి కూర్మయ్య ఆగిపోయాడు.

"ఒరే, దింపుడు కళ్ళం సెయ్యలేదురా. ఎటు పోయినా, సగం దారిలో దింపి పిలవాల కదా."

గడప మీద దింపారు. నేల మీద వాళ్ళ ఊళ్ళలో శవాన్ని దారి మధ్యన దింపి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఇంకా ఉంటే పలుకుతాడని. ఎవరూ పలికినట్టు తవిటినాయుడు వినలేదు. అయినా మోకాళ్ళ మీద కూర్చుని, గోనె తీసి, ఆ చల్లటి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"జోగీ."

లోపలి తలుపు మూసుకోబోయి పాడెకు తగిలి ఆగింది. గడప మీద మనిషి ఉంటే అది మూసుకోదు. బతికినవాడికీ చచ్చినవాడికీ తేడా పహరాకు తెలుసు గానీ తలుపుకు తెలియదు.

"జోగీ."

ఆ తలుపు తెరిచి ఉన్నంతసేపు వంశతెరకు కరెంటు రాదు. ప్రమాదం జరిగితే కాపలావాళ్ళు ఎటైనా పరుగెత్తడానికి పెట్టిన ఏర్పాటది. ఎప్పుడూ రెండు క్షణాలు ఆరి వెలిగే తెర ఇప్పుడు ఆరిపోయి, అలాగే ఉండిపోయింది.

"జోగీ," అని మూడోసారి పిలిచాడు తవిటినాయుడు. కాసేపు విని, తలెత్తి ఆరిన తెరను చూశాడు.

"అడ్డు తొలగించండి," అంది పహరా.

కూర్మయ్య, నూకాలు వంగి కడ్డీలు పట్టుకున్నారు. వాళ్ళను చూసి ఐవెన్ కూడా వంగాడు. పిలిచాక ఎత్తాలి, అది పద్ధతి.

"ఎత్తకండి," అన్నాడు తవిటినాయుడు.

"ఏటన్నావు?"

"ఎత్తొద్దు మాఁవా. ఈడిని బయటికైతేనే ఎత్తుదుం. అటు తలుపు తియ్యమను."

"అడ్డు తొలగించండి. శిక్ష వర్తిస్తుంది."

"ఇంకేటి శిక్షున్నాదో సూపించమను," అంది నూకాలు, గడప మీద చతికిలబడుతూ.

కూర్మయ్య కూర్చున్నాడు. ఐవెన్ కాళ్ళు ఎలా ముడవాలో తెలియక గోడకు చేరగిలి జారాడు. గనిలో పారల చప్పుడు ఆగింది. తెర ఉండే చోట ఒట్టి నేల కనబడుతోంది. అవతల వీపులు తిప్పినవాళ్ళలో ఒకామె ఇటు తిరిగి, ఆ నేల దాకా వచ్చి నిలబడింది. దాటలేదు. వెనక్కీ పోలేదు.

పహరా అదే మాట మళ్ళీ చెప్పింది. కాసేపటికి అది కూడా మానేసింది. కాపలావాళ్ళు ఇంకా రాలేదు.

తవిటినాయుడు గోనెను జోగినాయుడి మెడ దాకా సర్ది, కడ్డీ మీద చెయ్యి ఉంచి కూర్చున్నాడు. లోపలి తలుపు మూసుకోలేదు. బయటి తలుపు తెరుచుకోలేదు. జోగినాయుణ్ణి ఇంకా పూడ్చలేదు.