దాటిన నీడ

పదమూడో కిలోమీటరు రాయి దగ్గరకు వచ్చేసరికి, ముందు పరుగెత్తుతున్న సుంకన్న వీపు మీద చొక్కా తడిసి అతుక్కుపోయింది. ఆ వీపు చూస్తే మద్దిలేటికి ఎడమ భుజం సలుపుతుంది. తొమ్మిదేళ్ళ కింద కాలవ తూము దగ్గర పార తిప్పి ఆ భుజం మీద వేసినవాడు సుంకన్నే.

నిజానికి ఆ వీపు అక్కడ లేదు. అసలు సుంకన్న ఇరవై బారల వెనక రొప్పుకుంటూ వస్తున్నాడు. మద్దిలేటి కంటికి తొడిగిన పల్చటి తెరలో, కంటిపొరలో, కనబడేది అతని ముందునీడ. వెనక మనిషి కాలు ఎలా లేస్తే నీడ కాలూ అలాగే లేస్తుంది. అందీ అందకుండా రెండు బారల ముందు పోతూ ఉంటుంది. సుంకన్న కంటిపొరలో మద్దిలేటి నీడ కూడా అంతే.

కిటుకు పాతదే. కలుపు తీసేచోట చెయ్యి చురుకైన మనిషిని కూలీల వరసకు, మునుంకు, ముందు పెడితే, మిగిలినవాళ్ళు సిగ్గుపడి వెంటపడేవాళ్ళు. పదేళ్ళ కింద పట్నంవాళ్ళు దాన్ని తెచ్చి కంట్లో పెట్టారు. మొదట్లో చుట్టాల నీడలూ, స్నేహితుల నీడలూ పెట్టారు. రెండు పంటలు గడిచేసరికి యంత్రం ఒక సంగతి పసిగట్టింది. మనిషి చుట్టం వెనక నడుస్తాడు, పగవాడి వెనక పరుగెత్తుతాడు. అప్పటినుంచి ఎవరిని చూస్తే నెత్తురు మరుగుతుందో వాళ్ళ నీడే ముందు పెడుతోంది. చేలోనూ రోడ్డు మీదా జనం ఎదురుగా ఉన్న గాలిని కొరకొరా చూసుకుంటూ పనులు చేసుకుంటారు. పెద్దమనుషులు తగాదాలు తీర్చడం మానేశారు. రాజీపడ్డవాడికి పని సాగదు.

ఈ పందెంలో గెలిచినవాడి ఊరికి కాలవ మొదటి తడి. మద్దిలేటి ఊరు ఎర్రబురుజులో వేరుశనగ ఊడలు దిగుతోంది. వారంలో తడి అందకపోతే గింజలేని లొట్టకాయలే మిగులుతాయి. సుంకన్న ఊళ్ళోనూ అదే గతి.

పొద్దున గీత దగ్గర నిలబడ్డప్పుడు సుంకన్న పలకరించాడు కూడా.

"ఏం బామ్మర్దీ, భుజం బాగుండాదా? రెండోది కూడా ఉండాదిలే."

మద్దిలేటి ఉమ్మేశాడు.

ఇప్పుడు చెవిపూసలో అక్క గిడ్డమ్మ గొంతు పలికింది. ఊరి తరఫున పందెం నడిపించేది ఆమె.

"వాడు నీ నీడ పట్టుకొని వస్తాండాడురా. నువ్వు పెంచితే వాడు పెంచక తప్పదు. వాని గుండె కొట్టుకునేది ఈడ పలక మీద కనబడతాంది. ఇంగ కొంచెం పెంచు."

"పెంచితే?"

"కూలబడతాడు. పడనీ. నీ భుజం నరికేటప్పుడు వాడేమన్నా ఆలోచన చేసినాడా?"

మద్దిలేటి పెంచాడు. ముందున్న నీడ కూడా పెంచింది. మెడకు తాడేసి లాగిన మేకలా తన వెనక సుంకన్న వస్తున్నాడని తలచుకుంటే ఒళ్ళంతా చల్లగా అనిపించింది. ఇంకొంచెం పెంచాడు. నీడ తల వెనక్కి వాలింది. చేతులు ఊపు తప్పాయి. అయినా పెంచాడు.

నీడ ఉన్నట్టుండి గుండె పట్టుకుంది. మోకాళ్ళ మీద కూలి, రోడ్డుకు అడ్డంగా పడిపోయింది. కాళ్ళు ఆగిన నీడ ఇక జరగదు, పడ్డచోటే ఉంటుంది.

"దాటి పోరా," అంది గిడ్డమ్మ. "నీడే గదా."

దాటాడు.

నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు పడలేదు.

ఇద్దరికీ అవ్వ ఒకతే. మద్దిలేటికి నాయన తల్లి, సుంకన్నకు అమ్మ తల్లి. పిల్లప్పుడు పంచలో వరసగా పడుకున్నప్పుడు మద్దిలేటి సుంకన్నను దాటి పోతే, అవ్వ చెవి మెలేసి వెనక్కి తెచ్చేది. "మనిషిని దాటితే ఎదుగు నిలిచిపోతాదిరా. మళ్ళా ఇటు దాటు." పొద్దంతా ఇద్దరూ జుట్లు పట్టుకున్న రోజున కూడా ఈ ఒక్కటి ఎగ్గొట్టనిచ్చేది కాదు.

"ఏందిరా నిలబడినావు?"

"దాటినా గదక్కా."

"నీడను దాటితే ఏమవుతాదిరా?"

"తెల్దు."

వెనక్కి వచ్చి నీడను ఇటు దాటాడు. అలా దాటేసరికి మొహం వెనక్కి తిరిగి ఉంది. అప్పుడు కనబడ్డాడు అసలు మనిషి, బోర్లా పడి, మట్టి కరిచి. మిగతా పందెగాళ్ళు వచ్చేస్తున్నారు. ఎవరి చూపు వాళ్ళ పగవాడి వీపు మీద ఉంది. ఒకడి కాలు సుంకన్న నడుముకు తగిలింది. రాయి తగిలినట్టు తిట్టుకుని పోయాడు. ఇంకొకడు ఎగిరి దాటాడు. వాడు వెనక్కి రాలేదు.

మద్దిలేటి కంటిపొర పీకేసి పరుగెత్తాడు. మనిషిని వెల్లకిలా తిప్పి, తన నడుముకున్న నీళ్ళతిత్తి విప్పి మొహాన చల్లాడు. కొంతసేపటికి సుంకన్న కళ్ళు తెరిచాడు.

"నా నీడను దాటి పోయినావనుకుంటి."

"దాటినా. మళ్ళా ఇటు దాటినాలే."

సుంకన్న ఆకాశం వైపు చూశాడు. "ముసిల్ది సచ్చినా ఇడిసిపెట్టలేదు," అన్నాడు. తిత్తి వంక చూశాడు. "నీ చేతి నీళ్ళు తాగినానని యాడన్నా చెప్పినావంటే రెండో భుజం కూడా తీస్తా."

"తాగకుంటే సావు."

తాగాడు.

దూరంగా కొమ్ము ఊదారు. గెలిచింది మూడో ఊరు. "ఊళ్ళేకి ఏ మొగం పెట్టుకొని వస్తావో రా," అంది గిడ్డమ్మ. మద్దిలేటి చెవిపూస తీసి జేబులో వేసుకున్నాడు. ఎండలో చేను కళ్ళ ముందు కదిలింది.

మందుల బండి రెండు కిలోమీటర్ల అవతల ఉంది. మద్దిలేటి సుంకన్నను చెయ్యి పట్టి లేపి, ఆ చెయ్యి తన పాత గాయమున్న భుజం మీదే వేసుకున్నాడు. ఒకడు పెద్దడుగు వేశాడు, ఇంకొకడు చిన్నడుగు వేశాడు. ఇద్దరూ తూలారు. మళ్ళీ వేశారు, మళ్ళీ తూలారు.

"నీ నడక నువ్వు సక్కగా నడువు," కసిరాడు సుంకన్న. "నీ అడుగు నేను పట్టుకుంటా."

మద్దిలేటి కాలెత్తాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి ఎదురుగా ఖాళీ రోడ్డు ఉంది. ఎత్తిన కాలు ఎంత దూరంలో దించాలో అతనికి తెలియలేదు.