మన వీధికి ఒక లోడు

టైలరమ్మ పొద్దున్నే మిషను ముందు కూర్చుని ఎవరిదో గౌనుకి అంచు కుడుతోంది. ఫోను మోగింది. ఎవరా అని చూడక్కర్లేదు. వారానికోసారి ఆ వేళకి వచ్చే ఫోను ఒక్కటే.

"బైపాస్ దాటుతున్నానే! హారన్ కొట్టాను, వినపడిందా?"

"ఆ, వినపడిందండీ."

"హమ్మయ్య. తిన్నావా?"

"తిన్నాను. మీరు?"

"తింటాలే. ఉంటా మరి."

అంతే, ఆ వారానికి కాపురం అయిపోయింది. ఆవిడ మొగుడు కొత్త కార్లు మోసే ట్రైలర్ డ్రైవరు. తిండైనా నిద్రైనా కంపెనీ చెప్పిన చోటే. కారు దించే పని ఉంటే తప్ప ట్రైలర్ ఏ ఊళ్లోకీ తిరగకూడదు. తిరిగితే ఆఫీసులో గుమాస్తాగారి కంప్యూటరు తెరమీద బండిని చూపించే చుక్క పక్కకి జరుగుతుంది, మరుక్షణం చీవాట్లు. అందుకని ఆ మహానుభావుడు సొంత ఊరి పక్కనుంచే పోతాడు గానీ ఊళ్లోకి రాడు. ఎప్పుడైనా సెలవు దొరికితే వస్తాడు, ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు, లేచి వెళ్లిపోతాడు. కూతురు హాస్టల్లో చేరినప్పటినుంచి ఆ ఇంట్లో చప్పుడు చేసేది కుట్టుమిషనొక్కటే. రాత్రి అదీ ఆగిపోతే ఆవిడకి ఇల్లు చూస్తేనే భయం వేసేది.

ఆ పొద్దున ఫోను పెట్టేశాక ఆవిడకి ఎందుకో ఒళ్లు మండింది. ఇన్నేళ్ల కుట్టు డబ్బు తీసింది. ఎక్కడో దూరాన ఉన్న నగరంలో షోరూమ్‌కి ఫోను చేసి చిన్న ఎర్ర కారు ఒకటి కొనేసింది. మతి పోయిందా అంటే, పోయింది మరి! ఆ తర్వాత మొగుడి కంపెనీకే ఫోను చేసి, ఆయన పేరు చెప్పి, కారు ఆయనతోనే పంపమంది.

"ఆ డ్రైవరే ఎందుకమ్మా?" గుమాస్తాకి అనుమానం వచ్చింది.

"గీత పడకుండా దించుతాడని విన్నానండీ," అంది టైలరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

ఆ మరుసటి వారం ఫోనులో మొగుడి గొంతు ఎగిరి గంతేసింది.

"ఒసేయ్, ఇవాళ మన ఊళ్లోనే ఒక కారు దించాలి! అదీ మన వీధి మొదట్లో! కస్టమరు అక్కడే నిలబడి ఉంటాడట. ఎవడో మారాజు, చల్లగా ఉండాలి. అలా ఇంట్లోకి ఓసారి తొంగిచూసి పోతాను."

"రండి," అంది.

ట్రైలర్ వీధిలోకి పట్టదు, మలుపులోనే ఆగింది. ఆయన చెప్పులు విప్పి, సీటుమీద తువ్వాలు పరిచి, ఎర్ర కారుని మెల్లగా కిందికి దింపాడు. దిగి చూస్తే ఎదురుగా పెళ్లాం.

"నువ్వెందుకొచ్చావే ఎండలో? ఈ కస్టమరు సంతకం పెట్టగానే నేనే వస్తాగా. ఇంతకీ ఎక్కడా మారాజు?"

"ఇదిగో, ఎదురుగానే ఉంది."

ఆయన ముందు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు గాని ఆయనకి ఎక్కలేదు.

"నువ్వు కొన్నావా? నీకు నడపడమే రాదు!"

"రాదు."

"ఇదే బండి పక్క వీధి షోరూమ్‌లో ఉంది కదే! అంత దూరాన్నుంచి తెప్పించావా? బుద్ధుందా అసలు? డబ్బేమైనా చెట్లకి కాస్తోందా?"

"పక్క వీధిలో కొంటే మీరు తెస్తారా?" టైలరమ్మ గొంతు పెరిగింది. "మన వీధికి లోడు పడితే తప్ప మీ బండి ఇటు తిరగదుగా! అందుకే వేయించాను లోడు!"

"వారం వారం ఫోను చేయట్లేదా? హారన్ కొట్టట్లేదా?"

"ఆ హారన్ ఏనాడూ ఇంటిదాకా వినపడలేదండీ."

"ప్రతిసారీ వినపడిందన్నావు," అన్నాడు ఆయన.

"అంత సంబరంగా అడిగితే లేదని ఎలా చెప్పను? కిటికీ పట్టుకుని చెవులు రిక్కించేదాన్ని. ఎదురింటివాళ్ల మిక్సీ వినపడేది, వీధికుక్కలు వినపడేవి. మీరే వినపడలేదు."

ఆయన అలాగే చెప్పుల్లేని కాళ్లతో రోడ్డు పక్కన కూలబడ్డాడు. "నువ్వు వింటున్నావనే కదే," అన్నాడు, "అక్కడికి రాగానే నిద్రమత్తంతా వదిలిపోయేది నాకు." అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. టైలరమ్మ పక్కనే కూర్చుని పైటకొంగు అందించింది. ఆవిడ కళ్లు తుడుచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

కాసేపటికి ఆయన జేబులోంచి కాగితం తీశాడు. "కారు చూసుకుని సంతకం పెట్టాలే. అది పడేదాకా నేను కదలకూడదు."

"కదలకూడదా?"

"రూలు."

ఆవిడ కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. "ఇన్నేళ్ల కష్టం పోసి కొన్న కారు. తీరిగ్గా చూసుకోవద్దూ? రేపు పొద్దున పెడతాను. లేవండి, ఇంటికి పోదాం."

అంతలో ఆయన ఫోను మోగింది. గుమాస్తా.

"ఏమయ్యా, చుక్క అక్కడే పాతుకుపోయిందేం? కారు దించలేదా?"

"దించానండి. సంతకం కాలేదు."

"సంతకం పెట్టకుండా ఏమంటోందయ్యా ఆ కస్టమరు?"

ఆయన పెళ్లాం వైపు చూశాడు.

"ఇంటికి రమ్మంటోందండి."