టవర్ కింద ఫ్లాట్

డ్రిల్ మాస్టారు మంచం మీద వెల్లకిలా పడున్నాడు. చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడే మైదానం చుట్టూ పరిగెత్తి వచ్చి నడుం వాల్చినట్టున్నాడు.

ఊపిరి మాత్రం లేదు.

ఎస్సై గది చుట్టూ చూసింది. కిటికీలన్నిటికీ వంటింట్లో వాడే వెండిరంగు ఫాయిల్ అంటించి ఉంది. అంచుల్లో సందు లేకుండా టేపు.

"ఇవెవరు అంటించారు?"

"అన్నయ్యే మేడమ్. టవర్ తరంగాలు లోపలికి రాకూడదని." మాస్టారి చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె ఏడవడం లేదు. పళ్ళు బిగబట్టి ఉంది.

బిల్డింగ్‌లో ఆఖరి అంతస్తు ఇది. సరిగ్గా నెత్తి మీద మొబైల్ టవర్. ఎండాకాలం నుంచి ఇటువైపు ఫ్లాట్లలో అందరికీ తలనొప్పులు, వికారం, కళ్ళు తిరగడం. టవర్ తీసెయ్యమని అందరినీ పోగేసింది ఈ మాస్టారే. స్కూల్లో రిటైరైనా విజిల్ మాత్రం వదల్లేదు. అది ఊదితే చాలు, జనం మెట్ల మీదికి వచ్చేవారు.

ఇప్పుడూ వచ్చారు. విజిల్ లేకుండానే.

"టవరే చంపేసింది!" కింద నుంచి కేకలు.

బిల్డింగ్ ఓనరు చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఉండేది ఎదురు ఫ్లాట్‌లోనే. "హార్ట్ ఎటాక్ మేడమ్. మా డాక్టరుగారు చూసి చెప్పారు. ఆ వయసులో అంత ఆవేశం పనికిరాదని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!"

"రాత్రి ఏమైనా వినపడిందా?"

"ఏసీ వేసుకుని దుప్పటి ముసుగేశానంటే నాకు ఈ లోకంతో పనిలేదు మేడమ్."

ఎస్సై సీఐకి ఫోన్ చెయ్యబోయింది. సిగ్నల్ లేదు. చివరికి వైర్‌లెస్‌లో సీఐ దొరికాడు.

"గుండెపోటని రాసి పంపించెయ్. జనం రోడ్డెక్కకముందే."

"పోస్ట్‌మార్టమ్ కాకుండా సంతకం పెట్టను సార్."

"నీకు మొండితనం ఎక్కువ."

"అవును సార్."

ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "రాత్రి ఎక్కడున్నావమ్మా?"

"మా పెద్దక్క ఇంట్లో. సాయంత్రం నుంచి అన్నయ్యకి ఫోన్ చేస్తూనే ఉన్నా. కలవలేదు. పొద్దున వచ్చేసరికి వీధంతా ఒకటే గోల. రాత్రంతా కరెంటూ లేదు, సిగ్నలూ లేదని."

"మాస్టారు మందులేమైనా వాడేవారా?"

"తలనొప్పితో నిద్ర పట్టక నిద్రమాత్ర వేసుకునేవాడు."

టవర్ కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు.

"సిగ్నల్ ఎందుకు పోయింది?" ఎస్సై అడిగింది.

"నిన్న మధ్యాహ్నమే ఆపేశాం మేడమ్. ఒక పార్టు మార్చాలి. ఇంకా ఆన్ చెయ్యలేదు. అయినా మా తరంగాలు రూల్స్‌లో చెప్పిన హద్దులోనే ఉంటాయి. వీళ్ళ తలనొప్పులన్నీ వట్టి భ్రమ."

"భ్రమైతే కింది ఫ్లాట్ పాప ఎందుకయ్యా కక్కుకుంటోంది?" చెల్లెలు ఒక్క ఉదుటున ముందుకొచ్చింది.

ఇంజనీరు వాచీ చూసుకున్నాడు.

ఎస్సై ఒక్కతే డాబా ఎక్కింది. మూలన టవర్ కోసం కంపెనీ పెట్టిన డీజిల్ జనరేటర్. దాని పొగగొట్టం వెంటే నడుస్తూ వెళ్ళింది. ఒకచోట వేలు పెట్టి రుద్దింది. నల్లటి మసి. చేతి రుమాలుకి తుడుచుకుని కిందికి దిగి, ఓనరు ఫ్లాట్‌లో బాత్రూమ్ ఎటుందో అడిగి చూసొచ్చింది.

మర్నాడు పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. ఎస్సై చెల్లెల్ని, ఓనర్ని, ఇంజనీర్ని మాస్టారి గదికే పిలిచింది. గడప అవతల బిల్డింగ్ జనమంతా కిక్కిరిసి ఉన్నారు.

"మాస్టారిది గుండెపోటు కాదు," అంది. "టవర్ తరంగాలూ కావు. ఆ రాత్రి టవర్ ఆగిపోయి ఉంది. ఆయన రక్తం నిండా కార్బన్ మోనాక్సైడ్. ఆ చెంపల ఎరుపు దానివల్లే. ఇంజన్ పొగలో ఉండే విషం అది."

"జనరేటర్ రాత్రి నడవలేదు మేడమ్!" ఓనరు అందుకున్నాడు. "టవరే ఆగిపోయినప్పుడు దానికి పనేముంది?"

"మరి మీ ఏసీ దేంతో నడిచింది?"

ఓనరు తలుపు వైపు ఒకడుగు వేశాడు.

"వీధంతా చీకటి. మీరు మాత్రం ఏసీ వేసుకుని పడుకున్నారు. ఆ మాట మీరే చెప్పారు. కంపెనీ జనరేటర్ నుంచి మీ ఫ్లాట్‌కి దొంగవైరు లాగారు. రాత్రంతా అది మీకోసమే నడిచింది. దాని పొగ ఎటు పోయింది?"

"అది... పైకే..."

"పైకి కాదు. గొట్టానికి కొత్త వంపు వేయించి బాత్రూముల వెనక గాలి కోసం వదిలిన షాఫ్టులోకి దింపారు. తలనొప్పులొచ్చింది ఆ షాఫ్టు వైపు ఫ్లాట్లకే. ఈ గదికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. పొగ బాత్రూమ్ వెంటిలేటర్లోంచి వచ్చింది. బయటికి పోయే దారి లేదు. నిద్రమాత్ర వేసుకున్న మనిషి లేవలేదు."

"ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని వీళ్ళే కదండీ నా ప్రాణం తీశారు! పొగ కనపడకుండా చేశానంతే. ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"తెలుసు. మీ బాత్రూమ్ వెంటిలేటర్ ఒక్కటే ఇటుకలతో మూయించారు. సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది."

కానిస్టేబుల్ ఓనరు భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంజనీరు గట్టిగా ఊపిరి వదిలాడు. "మొత్తానికి మా టవర్ తప్పేం లేదని తేలిపోయింది. ఇంక ఆన్ చేసుకోవచ్చుగా మేడమ్?"

"ఆగు." చెల్లెలు అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "తప్పు లేదా? ఆ జనరేటర్ ఎవరిది? మీదే కదా. నెలనెలా వచ్చి చూసుకున్నారు. గొట్టం ఎటు తిరిగిందో ఎవరికీ కనపడలేదా? తలనొప్పి అన్నాం. భ్రమ అన్నారు. వాంతులన్నాం. నవ్వారు. ఒక్కరోజైనా మా ఇళ్ళలోకొచ్చి గాలి పీల్చి చూశారా? మేం దానికి పేరు తప్పు పెట్టాం, ఒప్పుకుంటా. నొప్పి మాత్రం నిజం. పేరు కనుక్కోవాల్సింది మేమా, మీరా?"

"అంటే... మా పై ఆఫీసుకి..."

"మీ మీటర్ తెచ్చి మా అందరి ముందూ తరంగాలు కొలిచి చూపించండి. ఆ జనరేటర్ ఈ డాబా దిగాలి. అంతవరకూ టవర్ ఆన్ అవ్వదు."

ఆమె గబగబా మెట్లెక్కి డాబా తలుపుకి అడ్డంగా కూర్చుంది. కింది ఫ్లాట్ పాపని ఎత్తుకుని వాళ్ళమ్మా వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు.

ఇంజనీరు ఎస్సై వైపు చూశాడు. "దారి ఆపుతున్నారు మేడమ్. మీరు లేపించరా?"

ఎస్సై మెట్ల పైకి ఓసారి చూసి ఇంకో కానిస్టేబుల్ని పిలిచింది.

"ఆ తల్లీబిడ్డలు నేల మీద కూర్చున్నారు. వెళ్ళి కుర్చీ వెయ్యండి."