గుమ్మం ముందు దొరసాని చెప్పులు

తలుపు దబదబ మోగింది. బాలమల్లు నడుము పట్టుకొని లేచి తీశాడు.

ఎదురుగా ఇంటివాళ్ళ బిడ్డ సౌభాగ్య. చేతిలో చీపురు ఉంది. ఊడవడానికి తెచ్చిందో కొట్టడానికి తెచ్చిందో తెలియడం లేదు.

"ఆమెను బయటికి పిలువుండ్రి."

"ఎవరిని?"

"గీ చెప్పులామెను."

చీపురు కొనతో చూపించింది. గుమ్మం పక్కన నల్లతోలు హైహీల్స్ జత గోడకు ఆనుకొని బుద్ధిగా నిలబడి ఉంది. మడమలు బెత్తెడు ఎత్తు.

"లోపట ఎవరూ లేరు."

"మరి చెప్పులు వాటంతటవే మెట్లెక్కినయా?"

బాలమల్లు నోరు తెరిచాడు. నిజం నాలుక దాకా వచ్చింది. అప్పుడే సౌభాగ్య కళ్ళు చూశాడు. మామూలుగానే పెద్దవి. కోపంలో ఇంకా పెద్దవయ్యాయి. నిజం వెనక్కి పోయింది.

"మా అక్క వచ్చింది. పండుకున్నది," అన్నాడు.

బాలమల్లుకు అక్క లేదు. ఆ చెప్పులు అతనివే.

అతనిది మెదక్ దిక్కు పల్లె. తల్లీతండ్రీ పోయారు. నాంపల్లిలో ఈ మేడ మీద అర్ర కిరాయికి తీసుకొని, అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేస్తున్నాడు. షాపు తెరిచింది మొదలు దీపాలు పెట్టేదాకా కౌంటర్ వెనక నిలబడే ఉండాలి. కూర్చుంటే సేటు చూపు మీద పడుతుంది. అట్లా నిలబడి నిలబడి నడుము పట్టేసింది. దవాఖానలో గోలీలిచ్చారు. హకీం నూనె ఇచ్చాడు. గోలీలు కడుపును చెడగొట్టాయి, నూనె అంగీని చెడగొట్టింది. నడుము మాత్రం ఉన్నట్టే ఉంది.

ఒకనాడు కౌంటర్ వెనక, బట్ట తాను చుట్టే ఖాళీ చెక్క పడి ఉంటే దానిమీద మడమలు పెట్టి నిలబడ్డాడు. నొప్పి పోయింది. దిగాడు, వచ్చింది. ఎక్కాడు, పోయింది. అయితే చెక్కను కాళ్ళకు కట్టుకొని నడవలేడు. నాంపల్లి స్టేషన్ ముందు కూర్చునే మోచీని అడిగితే, మగచెప్పులకు అంత మడమ వేస్తే తన పేరు పాడవుతుందన్నాడు. చివరకు గురువారం నాటి పాతసామాన్ల బజారులో ఈ జత దొరికింది. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరు విడిచిపోయిన ఏ దొరసానివో అయి ఉంటాయి. ఆమె పాదాలు మగపాదాలంత ఉండాలి. బాలమల్లుకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి.

షాపులో కౌంటర్ అడ్డం. దారిలో ధోవతి అంచు అడ్డం. అబిడ్స్‌లో నడిచేవాళ్ళు షాపుల అద్దాలు చూస్తారు, పక్కవాడి కాళ్ళు చూడరు. ఇంటికొచ్చాక చెప్పులను అర్రలోకి తీసుకుపోతే చాలు. అదొక్కటే అతనితో కాలేదు. చెప్పులు గడప దాటి లోపలికి వస్తే లక్ష్మి బయటికి పోతుందని తల్లి చెప్పింది. లోపల లక్ష్మి ఉన్న జాడ ఏమీ లేదు. అయినా బయటే విడిచేవాడు.

నిజం చెప్పేస్తే పోయేదిగా అనవచ్చు. మగవాడు చెడ్డపేరు మోస్తాడు. ఇష్టమైన పిల్ల ముందు నవ్వులపాలు మాత్రం కాడు. వాడి తెలివి అంతవరకే.

అక్క వచ్చిందని విని సౌభాగ్య తల్లి లక్ష్మీనర్సమ్మ ఊరుకోలేదు. అతిథికి కూడా కలిపి రొట్టెలు, పప్పు పైకి పంపింది. మోసేది సౌభాగ్య.

"మీ అక్క ఏది?"

"గుడికి పోయింది."

"చెప్పులు గీడనే ఉన్నయి గదా?"

"గుడికి చెప్పులెందుకని ఇడిశిపోయింది."

"ఊళ్ళె ఏం జేస్తది?"

"ఎవుసం."

సౌభాగ్య చెప్పులవైపు ఒకసారి, అతనివైపు ఒకసారి చూసింది.

"గీ హైహీల్స్ ఏసుకొనే నాట్లేస్తదా?"

"ఏసుకుంటె నడుము నొయ్యదట."

ఆ మాటల్లో అదొక్కటే నిజం. అదే ఆమె నమ్మలేదు.

ఇద్దరి తిండి ఒక్కడే తినాల్సి వచ్చింది. వాపసు పంపితే అక్కకు ఒంట్లో బాగాలేదేమోనని లక్ష్మీనర్సమ్మ పైకి వస్తుంది. వారం తిరిగేసరికి అంగీ గుండీలు బిగిశాయి.

"అక్క తింటున్నది, బుగ్గలు మీకొస్తున్నయి," అంది సౌభాగ్య.

ఒక మధ్యాహ్నం ఆమె తల్లితో కలిసి అబిడ్స్ షాపుకే వచ్చింది. రవికె గుడ్డ కావాలంది. బాలమల్లు కౌంటర్ వెనక నిటారుగా నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఎప్పుడూ నడుము మీద చెయ్యితో కనిపించే మనిషి. సౌభాగ్య కనుబొమలు ముడిచింది.

"అగో, గా గోడ మీది నీలం తాను తీసి చూపియ్యుండ్రి."

ఆ తాను అందుకోవాలంటే కౌంటర్ బయటికి రావాలి.

"అది మంచిగుండది. ఉతికితె రంగు పోతది."

వెనక నుంచి సేటు గొంతు ఖంగుమంది. "ఏంది రంగు పోయేది? నా షాపులనా?"

ఆ రోజు సేటు తిట్టిన తిట్లు బాలమల్లు నిలబడే విన్నాడు. కౌంటర్ వెనక నుంచి ఒక్క అడుగు బయట పెట్టలేదు. సౌభాగ్య నీలం గుడ్డ కొనకుండానే పోయింది. పోతూ గడప దగ్గర వెనక్కి చూసింది. బాలమల్లుకు ఆ చూపు ముందు ఆ తిట్లు చిన్నవనిపించాయి.

సౌభాగ్యకు తన చిక్కు తనకుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నినా తొక్కినా పట్టిన నడుము వదులుతుందని అంటారు. ఆమె అట్లా పుట్టింది. తండ్రి వెంకటనర్సయ్య నాంపల్లి కచేరీలో గుమాస్తా. వంగి రాసి రాసి మనిషి కొడవలి అయ్యాడు. ఆదివారం వస్తే బోర్లా పడుకుంటాడు, బిడ్డ గోడ పట్టుకొని తొక్కుతుంది. అందుకని ఏ సంబంధమూ ఆయనకు నచ్చదు. ఒక పిల్లవాడికి ముక్కు పొడుగన్నాడు. ఇంకొకడికి మాట పొట్టి అన్నాడు. అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లనిస్తే నడుమెవరు తొక్కాలి?

వానాకాలం ఊరికే పోలేదు. ఒక సాయంత్రం అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా రోడ్డు కాలువై పారింది. సౌభాగ్య రొట్టెల గిన్నె పట్టుకొని మెట్లెక్కుతూ ఆగింది. మెట్ల మీద బురద అడుగులున్నాయి. ముందు విసనకర్రలాంటి మచ్చ, వెనక గుండ్రటి చిన్న చుక్క. కింది మెట్టు నుంచి పై గుమ్మం దాకా అవే. ఇంకో రకం అడుగు లేదు.

తలుపు కొట్టింది.

"అక్క వచ్చిందా?"

"ఔ, గిప్పుడే వచ్చింది."

"మీరు?"

"అక్కతోనే వచ్చిన."

"మెట్ల మీద అక్క అడుగులే ఉన్నయి. మీరు ఎగిరొచ్చిన్రా? అక్క సంకనెత్తుకొచ్చిందా?"

బాలమల్లు ధోవతి అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అబద్ధం కోసం వెతికాడు. మిగల్లేదు.

"చెప్పులు నావే," అన్నాడు. "నడుముకు."

సౌభాగ్య గిన్నె కింద పెట్టింది. పై మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. బాలమల్లు భూమి చీలితే బాగుండుననుకొని నిలబడ్డాడు. నాంపల్లిలో భూమి అంత సులువుగా చీలదు.

"ఏసుకోండ్రి, చూస్త."

వేసుకున్నాడు. వంగిన మనిషి మెల్లగా లేచాడు. నడుము మీది చెయ్యి దానంతటదే కిందికి జారింది. వరండాలో అటు పోయి ఇటు వచ్చాడు. సౌభాగ్య నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి నిలబడింది. అతని మొఖం చూడడానికి తల ఎత్తాల్సి వచ్చింది.

"గింత పొడుగున్నరా?"

"చెప్పుల్లేకుంటె లేను."

"నన్నడిగితె ఒక్క తన్ను తంతును గదా. నేను ఎదురుకాళ్ళతోటి పుట్టిన."

"పెండ్లిగాని పిల్లను తన్నుమని ఎట్లడుగుత?"

"పెండ్లయినంక అడుగుండ్రి."

"ఎవరి పెండ్లి?"

"వాన బందయ్యింది, నేను పోత," అంది సౌభాగ్య. వాన దంచి కొడుతూనే ఉంది.

రెండు మెట్లు దిగి ఆగింది. ఈసారి గొంతులో ఆట లేదు.

"గల్లీల మంది మీ అర్రల ఆడామె ఉన్నదంటున్నరు. నాయిన ఆదివారం అడుగుతందుకొస్తడు. నాకు అబద్ధం జెప్పిన్రు, సరే. ఆయనకు జెప్పకుండ్రి."

"నిజం జెప్తె నవ్వుతడు."

"నవ్వనియ్యుండ్రి. చెడ్డోడనుకున్నోనికి పిల్లనియ్యరు. నవ్వులపాలైనోనికన్న ఇస్తరేమో."

ఆదివారం వెంకటనర్సయ్య మెట్టుకొక మూలుగు మూలుగుతూ పైకి వచ్చాడు. వెనక లక్ష్మీనర్సమ్మ. ఆమె వెనక సౌభాగ్య. కింద గల్లీలో పనిలేనివాళ్ళందరూ తలలెత్తి నిలబడ్డారు. పనిలేనివాళ్ళకు ఎక్కడా కొరత ఉండదు.

"బాలమల్లూ, మనోళ్ళ పిలగానివని అర్ర ఇస్తి. అక్క అంటివి. ఆమె మొఖం చూసినోడు లేడు. ఆమెను బయటికి పిలువు. లేకుంటె ఒకటో తారీఖుకు ఖాళీ చెయ్యి."

బాలమల్లు సౌభాగ్యవైపు చూశాడు. ఆమె చూపు తిప్పలేదు.

"అక్క లేదు మామా. ఎన్నడు లేదు. చెప్పులు నావి. నడుము నొస్తదని నేనే ఏసుకుంట."

వేసుకొని చూపించాడు. టక్కు టక్కుమని వరండా చివరిదాకా నడిచాడు. కింద గల్లీ పగలబడి నవ్వింది. ఎవడో ఈలవేశాడు. బాలమల్లు చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెప్పులు విడవలేదు. తిరిగొచ్చి వెంకటనర్సయ్య ముందు నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకోటి గూడ ఉన్నది మామా. సౌభాగ్య అంటె నాకిష్టం. పిల్లనియ్యుండ్రి."

వెంకటనర్సయ్య నవ్వలేదు. ఆయన నడుము నవ్వనివ్వదు.

"ఆడచెప్పులేసుకునేటోనికి నా బిడ్డనిస్తనా? ఇడువ్. ఇటియ్యి. మురికి మోరిల పారేస్త. అర్ర సంగతి జెప్పిన గదా, ఒకటో తారీఖు."

చెప్పులు లాక్కొని దిగిపోయాడు. లక్ష్మీనర్సమ్మ ఇద్దరి రొట్టెల లెక్క గుర్తొచ్చినట్టు బాలమల్లు బుగ్గలవైపు చూసి, మొగుడి వెనకే వెళ్ళింది. సౌభాగ్య మాత్రం గోడకు ఆనుకొని నిలబడింది.

"చెప్పిన్రు," అంది. అంతే అంది. కళ్ళు తుడుచుకొని దిగిపోయింది.

మర్నాడు పొద్దున బాలమల్లు వంగలేక వంగుతూ ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుతున్నాడు. నెత్తి మీద ఎక్కడో చప్పుడైంది.

టక్కు. టక్కు. టక్కు.

మిద్దె మీదికి పోయే మెట్లెక్కాడు. సౌభాగ్య అప్పటికే పై మెట్టు మీద ఉంది. నోటి మీద వేలు పెట్టి చూపించింది.

వెంకటనర్సయ్య చేతులు వెనక్కి కట్టుకొని మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు నవాబులాగా తిరుగుతున్నాడు. కాళ్ళకు నల్లతోలు హైహీల్స్. కొడవలి నిలువుకర్ర అయింది.

"నాయినా, ఏం జేస్తున్నవ్?"

ఉలిక్కిపడ్డాడు. పడలేదు. ఆ చెప్పుల మీద అప్పటికే అలవాటైనట్టుంది.

"పారేస్తందుకు పోతున్న."

"కాళ్ళకేసుకొనా?"

"చేతిల పట్టుకపోతె మంది జూడరా?"

"మోరి కిందున్నది గదా. నువ్వు మిద్దె మీద తిరుగుతున్నవ్."

వెంకటనర్సయ్య చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు. ఇంకో చుట్టు తిరిగాడు. చప్పుడు విని లక్ష్మీనర్సమ్మ కూడా వచ్చింది. మొగుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. నవ్వుతుందనుకున్నారు.

"పెండ్లినాడు గిట్ల నిలవడ్డవు," అంది మెల్లగా. "మల్ల ఇయ్యాల్నే చూసుడు."

ఆయన ఆగాడు. భార్య మొఖం చూసి చాలా కాలమైందని అప్పుడు తెలిసినట్టుంది. వంగిన మనిషికి నేల తప్ప ఏం కనబడుతుంది?

"ఇగ బిడ్డ కాళ్ళెందుకు నీకు?" అంది లక్ష్మీనర్సమ్మ. "ఆమెను ఆమె ఇంటికి నడువనియ్యి."

వెంకటనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"బాలమల్లూ, గివి ఏడ దొరికినయి?"

"గురువారం బజార్ల, మామా."

"ఇంకో జత ఉంటదా?"

"చూస్త."

"చూసి తీసుకరా. వచ్చినంక ముహూర్తం మాట్లాడుదం. గివి మాత్రం నేనియ్య."

పెళ్ళయ్యాక బాలమల్లు అడగాల్సింది అడిగాడు. సౌభాగ్య ఒక తన్ను తన్నింది. గుణమేమీ కనబడలేదు. మళ్ళీ అడిగాడు.

ఆ గల్లీలోకి కొత్తగా కిరాయికి వచ్చినామె ఒకరోజు పొద్దున వెంకటనర్సయ్య ఇంటి ముందు ఆగింది. గడప పక్కన రెండు జతల హైహీల్స్, వాటి పక్కన ఒక జత మామూలు చెప్పులు ఉన్నాయి.

"ఏమ్మా, మీ ఇంట్ల ఇద్దరు ఫ్యాషన్ ఆడోళ్ళున్నట్టున్నరు?"

లక్ష్మీనర్సమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"ఉన్నరు. ఒకాయనకు కచేరికి వేళైంది, ఒకాయనకు అబిడ్స్‌కు వేళైంది. బువ్వ తింటున్నరు."