ఏడు ఓట్ల వంటిల్లు

"వంట వచ్చా?" అని అడిగాడు చీఫ్ జానకిరామయ్య.

ఏజెంట్ కనకలక్ష్మికి కరాటే వచ్చు, పిస్టల్ వచ్చు, అయిదు భాషలు వచ్చు. పదమూడేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వచ్చన్నది.

గుంటూరు స్టేషన్ వెయిటింగ్ రూములో బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది. ఎన్నికల్లో పాత ప్రభుత్వం కూలింది. గెలిచిన పార్టీ ఎమ్మెల్యేలు ఆదివారం తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు, అతనే ముఖ్యమంత్రి. పోటీలో ఇద్దరు: రిటైర్డు హెడ్మాస్టరు శేషాచలం, పొగాకు ఎగుమతిదారు రామాంజనేయులు. రామాంజనేయులు వెనక ఒక విదేశీ ముఠా ఉంది. అతను గెలిస్తే వేటపాలెం తీరంలో నేవీ రాడార్ పక్కనున్న భూమి ఆ ముఠా కంపెనీకి వెళ్ళిపోతుంది. బలాలు సమానం. ఎటూ తేలని ఏడుగురిని రామాంజనేయులు అమరావతి రోడ్డులో తన బంగళాలో పెట్టుకున్నాడు.

"శేషాచలాన్ని చంపుతారని సమాచారం. అది ఆపు. ఓట్ల జోలికి మాత్రం పోకు, అది మన డ్యూటీ కాదు," అన్నాడు చీఫ్. బంగళాలో ఉన్న షీలా అనే బొంబాయి జర్నలిస్టు మన మనిషేనని కూడా చెప్పాడు.

కనకలక్ష్మి కాఫీ ఫిల్టరు అడుగున ట్రాన్స్‌మిటరు బిగించుకుని వంటమనిషిగా చేరింది. అనుమానం రాకూడదని శ్రద్ధగా వండింది. గోంగూర పప్పు, పండుమిరపకాయల పచ్చడి, వెన్న కాచిన నెయ్యి. ఆ ఏడుగురిలో ఒకడైన ప్రకాశం జిల్లా పత్తి రైతు యలమందయ్యకు కడుపులో మంట. ఆయనకు విడిగా కారం లేని చారు కాచేది.

మొదటి రోజు యలమందయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని, తన ముగ్గురు కొడుకులకూ చదువు చెప్పింది శేషాచలం మాస్టారేనని, తన ఓటు ఆయనకేనని చెప్పాడు. అయిదో రోజు ఆ మాట ఎత్తలేదు. ఏడో రోజు, రామాంజనేయులు గారింటి భోజనం గురించే మాట్లాడాడు.

ఓట్లు జారుతున్నాయని ఆమె రిపోర్టు చేసింది. అది తన పని కాదని చీఫ్ గుర్తు చేశాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి శేషాచలం ఆ ఏడుగురితో మాట్లాడటానికి బంగళాకు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వాలి. మాస్టారికి షుగరు కాబట్టి కనకలక్ష్మి పంచదార వెయ్యకుండా కలిపింది. తొమ్మిది రోజులుగా గ్లాసు కూడా ఎత్తని షీలా, షిఫాన్ చీర కొంగు సర్దుకుంటూ వచ్చి, తానే ఇస్తానని తీసుకుంది.

నడవాలోంచి స్పూను చప్పుడు వినిపించింది.

చక్కెర లేని కాఫీలో ఏం తిప్పుతోంది?

కనకలక్ష్మి పరుగెత్తింది. గ్లాసు మాస్టారి పెదవుల దగ్గరుంది. చేతిలోని గరిటె విసిరింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. షీలా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళేలోపే ఆమె మణికట్టు విరిచి పట్టుకుంది. మఫ్టీ పోలీసులు గేటు బయట అంబాసిడర్‌లో ముఠాకు చెందిన ఇద్దరు విదేశీయుల్ని పట్టుకున్నారు. షీలా వాళ్ళకు అమ్ముడుపోయిందని తేలింది.

విషం సంగతి రామాంజనేయులుకు నిజంగానే తెలియదు. మాస్టారి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. బొంబాయి మనిషి చేసిన పనికి ఆయనేం చేస్తాడన్నారు ఏడుగురూ. పదకొండింటికి పార్టీ ఆఫీసులో ఓటింగు జరిగింది. రామాంజనేయులు ఏడు ఓట్ల తేడాతో గెలిచాడు.

మిషన్ సక్సెస్ అన్నాడు చీఫ్. వేటపాలెం భూమి సంగతేమిటని అడిగిందామె. ఈ ముఠా పోతే ఇంకో కంపెనీ వస్తుందని, సంతకం ముఖ్యమంత్రిదని, తమ చేతిలో ఏమీ లేదని చెప్పాడు.

మధ్యాహ్నం ఊరికి బయలుదేరుతూ యలమందయ్య వంటింటికి వచ్చాడు.

"మాస్టారికే అన్నారు గదా, బాబాయ్?"

ఆయన చూపు దించుకున్నాడు. "వేద్దామనే కాగితం తీశానమ్మాయ్. తొమ్మిది రోజులు రామాంజనేయులు గారింట్లో తిన్నాం. కడుపు మంటంటే నాకు విడిగా వండి పెట్టించాడు. తిన్న చేత్తో ఆ పేరు ఎట్టా కొట్టేసేది?"

"ఆయన పెట్టించలేదు. నా అంతట నేనే వండాను."

యలమందయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆ మాటకొస్తే, నువ్వు నిలబడుంటే ఏడుగురం నీకే వేసేవాళ్ళం గదమ్మా."