ఎల్ ఎయిట్

"నాన్న L8."

కూతురు కృప పంపిన మెసేజ్‌లో అంతకంటే ఇంకేమీ లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో కూలి చేసే సోమమ్మకు ఇంగ్లీషు రాదు. గుమస్తా నాగేశ్వర్ రావుకు ఫోన్ చూపించింది.

"ఎల్, ఎయిట్... లేట్ అని," అంటూనే ఆయన లోడింగుకు వచ్చిన లారీ వైపు వెళ్లిపోయాడు.

లేట్!... బస్సు లేటంటే సోమమ్మకు తెలుసు. మనిషి పేరు పక్కన ఆ మాట ఆమె చూసింది మాత్రం ఒక్కచోటే. తండ్రి దశదినకర్మ కార్డు మీద, ఆయన పేరు ముందు అచ్చువేసిన మాట అది!

భర్త గోపాల్ పొద్దున్నే సూర్యాపేట వెళ్లాడు, కృప నర్సింగ్ కాలేజీకి. చదువు మాన్పించి పెళ్లి చేస్తానని అతను, నా బిడ్డ చదువు ఆపితే నీ ముఖం చూడనని ఆమె. పదకొండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు... ఇప్పుడు చేస్తే గోపాల్, కృప ఇద్దరి ఫోన్లూ స్విచాఫ్! సోమమ్మ చేతిలో పని వదిలేసి బస్సెక్కింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

కాలేజీ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు గోపాల్!

"ఉన్నవా... నువ్వు ఉన్నవా!" సోమమ్మ అక్కడే కూలబడిపోయింది.

తెల్ల యూనిఫాంలో కృప పరుగెత్తుకొచ్చింది. సంగతి విని ఏడ్చేసింది. "అయ్యో అమ్మా! L8 అంటే ఆలస్యమే. క్లాసుకైనా, బస్సుకైనా, తిండికైనా మేం గట్లనే రాస్తం. నాన్న ఇంటికి ఆలస్యంగ వస్తడని చెప్పిన. ఇయ్యాల మేం నర్సులుగ సేవ చేస్తమని దీపాలు పట్టుకొని ప్రమాణం చేసినం. అందరి ఫోన్లు బంద్ పెట్టించిన్రు."

"నన్ను తీస్కపోనీకే వచ్చిండు నాన్న. గది జర సూసి పోదామని ఆగిండు..." అంది కృప మళ్లీ.

గోపాల్ తల దించుకున్నాడు. "ఇగ దాని సదువుకు అడ్డం రాను, సోమీ."

"నాతోని మాట్లాడకుండనే పోయినవనుకున్న..." అంది సోమమ్మ. అతని కళ్లు చెమర్చాయి.

తిరుగు బస్సులో గోపాల్ మాట్లాడుతూనే ఉన్నాడు. బిడ్డ స్టేజీ మీద ఎక్కడ నిలబడింది, దీపం ఎట్లా పట్టుకుంది, పేరు పిలిస్తే ఎంత గట్టిగా పలికింది... సోమమ్మ ఆ దృశ్యం చూడలేదు కదా! కిటికీకి తల ఆనించి అంతా విన్నది.

"మళ్ల మొదటి నుంచి చెప్పు," అంది మెల్లగా.

గోపాల్ మళ్లీ మొదలుపెట్టాడు.